అలసట వేరు, అలసత్వం వేరు

ఈసారి ఒక జబ్బు గురించి కాకుండా ఒక మాట గురించి రాయాలనిపించింది. మాటకీ ఆస్పత్రికీ ఏం సంబంధం అనుకోకండి. ఒక్క మాట వల్ల రోగి మా దగ్గరకు రావడం నెలలూ, ఏళ్ళూ ఆలస్యం కావడం నేను చాలాసార్లు చూశాను.

నేను నర్సింగ్ ట్రైనింగ్‌లో మొదటి సంవత్సరం చదువుతున్న రోజులు. తెలుగు మీడియం నుంచి వచ్చినదాన్ని. ఒకరోజు వార్డులో టెంపరేచర్ చార్టు పూర్తి చేయడం మరిచిపోయాను. మా ట్యూటర్ గారు కోపంగా, నువ్వు చాలా లాక్స్‌గా ఉంటున్నావని ఇంగ్లీషులో అన్నారు. నాకు తెలిసినది లాక్సెటివ్ ఒక్కటే. అంటే రాత్రి పడుకోబోయే ముందు రోగులకిచ్చే విరేచనాల మందు. "నాకు కడుపు బాగానే ఉందండీ" అని చెప్పాను. వార్డంతా నవ్వారు. ఆ రాత్రి హాస్టల్లో డిక్షనరీ తీసి చూశాక నా జవాబు మరీ అంత తప్పు కాదని తెలిసింది.

లాటిన్‌లో లాక్సస్ అంటే వదులైనది, బిగువు లేనిది అని అర్థం. సుమారు 600 ఏళ్ళ క్రితం ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు మొదట పేగుల గురించే వాడారట. కడుపు జారుగా ఉంటే లాక్స్ అన్నారు. ఆ తర్వాత కొద్ది దశాబ్దాలకే అదే మాట క్రమశిక్షణకూ అంటుకుంది. నియమం సరిగా పాటించనివాడు, పని పట్టించుకోనివాడు కూడా లాక్సే అయ్యాడు. ఇప్పటికీ డాక్టర్లు కీలు పట్టు తప్పి వదులుగా ఉంటే లాక్స్ అనే రాస్తారు. మాట ఒక్కటే. ఒకచోట అది శరీర లక్షణం, ఇంకోచోట నేరారోపణ.

మన తెలుగులో మాత్రం తక్కువా? వయసు మీద పడితే చర్మం సడలుతుంది, కాలం మారితే కట్టుబాట్లూ సడలుతాయి. 2020లో లాక్‌డౌన్ సడలింపులని పేపర్లో రోజూ చదివాం. లూజు అనే ఇంగ్లీషు మాటనైతే పూర్తిగా మన సొంతం చేసుకున్నాం. ఓపీ దగ్గర "లూజ్ మోషన్సండీ" అని చెప్పుకుంటాం. బయటకు వెళ్ళి ఎవర్నో "వాడో లూజుగాడు" అంటాం, "ఆవిడకి నోరు లూజు" అంటాం. మొదటిది విన్నవాళ్ళు అయ్యో పాపం అంటారు. తర్వాతవి విన్నవాళ్ళు మొహం చిట్లిస్తారు.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసిన మాట బద్ధకం. బద్ధం అంటే కట్టివేయబడినది. పేగులు బిగుసుకుపోతే మలబద్ధకం అంటున్నాం. మనిషి కదలకుండా కూర్చుంటే ఒట్టి బద్ధకం అంటున్నాం. ఇంగ్లీషువాళ్ళకు మనిషిలోని లోపం వదులుగా కనిపించింది, మనకు కట్టేసినట్టు కనిపించింది. రెండు భాషలూ చూసింది మాత్రం ఒకే చోట, శరీరంలోనే. శరీరం నుంచి తీసుకున్న మాటతో స్వభావాన్ని కొలిచి, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోయాం. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక సంగతి చెబుతాను. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. రాజోలు వైపు నుంచి ఒక అత్తగారు కోడల్ని తీసుకొచ్చారు. కాన్పయి ఏడాది దాటింది. "ఏం చెప్పమంటారండీ సిస్టరుగారూ, ఒకటే బద్ధకం. పొద్దెక్కినా లేవదు. నాలుగు గిన్నెలు తోమితే కూలబడిపోద్ది. ఆ వయసులో మేమిలాగే ఉన్నామా?" అన్నారావిడ. ఆ అమ్మాయి తల దించుకునే ఉంది.

"ఏమ్మా, మోషన్ సాఫీగా అవుతోందా?" అని అడిగాను. అత్తగారి వంక చూసి, "మూడు నాలుగు రోజులకోసారండి" అంది మెల్లగా. "చలేస్తోందా?" అన్నాను. "ఆయ్, ఎండాకాలంలో కూడా ఫ్యానేస్తే దుప్పటి కప్పుకుంటానండి" అంది. మొహం కాస్త ఉబ్బినట్టుంది, జుట్టు పలచబడింది, చర్మం పొడిబారింది. డాక్టరుగారు టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ గ్రంథి పనిచేయడం బాగా తగ్గిపోయిందని తేలింది.

మెడ ముందు భాగంలో ఉండే ఈ చిన్న గ్రంథి తయారుచేసే హార్మోను తగ్గితే ఒంట్లో పనులన్నీ నెమ్మదిస్తాయి. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, పేగులు నెమ్మదిగా కదులుతాయి, ఆలోచన మందగిస్తుంది, నిద్ర ముంచుకొస్తుంది. అంటే మలబద్ధకం, మనం బద్ధకం అనే ఆ నిస్సత్తువ, రెండూ ఒకే జబ్బుకు లక్షణాలన్నమాట. ఇంట్లోవాళ్ళు వాటిలో ఒకదానికి ఆముదం పట్టారు, రెండోదానికి తిట్లు పెట్టారు. ఆ అమ్మాయికి కావలసింది రోజూ పరగడుపున వేసుకునే ఒక చిన్న మాత్ర.

ఇక్కడ అత్తగారి మీద రాయి వేయడం నా ఉద్దేశం కాదు. ఆ తప్పు నేనూ చేశాను. కొన్నేళ్ళ క్రితం నైట్ డ్యూటీలో ఒక విద్యార్థిని మాటిమాటికీ కునికిపాట్లు పడుతోంది. మెట్లెక్కితే ఆగిపోయేది. అందరి ముందూ "ఇంత బద్ధకమైతే ఈ వృత్తికెందుకొచ్చావు?" అన్నాను. వారం తర్వాత స్టూడెంట్ల హెల్త్ చెకప్‌లో ఆ పిల్ల హిమోగ్లోబిన్ 7 కూడా లేదు. ఆడవాళ్ళకు 12 ఉండాలని వాళ్ళకు పాఠం చెప్పేది నేనే. ఆ పిల్ల కనురెప్ప కిందకు లాగి చూడడానికి నాకు పట్టేది అర నిమిషం. అప్పుడు లాక్స్‌గా ఉన్నది ఆ పిల్ల కాదు, నేను.

ఇది మన ఒక్కళ్ళ తప్పూ కాదు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది పల్లెల్లో పేదలను పుట్టు సోమరులని ఈసడించేవారు. ఛార్లెస్ స్టైల్స్ అనే శాస్త్రవేత్త పరిశీలించి, వాళ్ళలో చాలామంది కడుపులో కొంకి పురుగులున్నాయని, అవి రక్తం పీల్చడం వల్లే ఆ నీరసమని 1902లో చెప్పారు. పత్రికలు దానికి సోమరితనపు క్రిమి అని పేరు పెట్టాయి. 1909లో రాక్‌ఫెల్లర్ కమిషన్ ఏర్పడి ఊరూరా పరీక్షలు చేసి మందులిచ్చింది. తరతరాలుగా గుణం అనుకున్నది పురుగని తేలింది. చెప్పుల్లేకుండా తడినేలలో తిరిగితే పాదాల చర్మం గుండా ఒంట్లోకి వెళ్ళే పురుగు అది. తోటల్లో, చేలగట్ల మీద బతికే మన కోనసీమవాళ్ళు గుర్తుంచుకోవలసిన సంగతి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికి. అలాంటిచోట అలసిపోయిన ఆడమనిషిని చూసి ముందుగా బద్ధకం అనే మాట నోటికి రావడం న్యాయమేనా?

అయితే బద్ధకమే లేదా సిస్టరూ అని మీరడగవచ్చు. ఉంది. చేతులు కడుక్కోకుండా ఇంజెక్షన్ చేసే నర్సుది అలసత్వం. పిల్లకు టీకా తేదీ తెలిసీ రేపు చూద్దాంలే అనుకునే తండ్రిది అలసత్వం. చేయగలిగిన ఓపిక ఉండీ చేయకపోవడం అలసత్వం. చేయాలని ఉన్నా ఒళ్ళు సహకరించకపోవడం అలసట. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలుసుకోవాలంటే తిట్టే ముందు అడగాలి, అడిగాక పరీక్ష చేయించాలి.

గుడిలో సోమరి గురించిన ప్రసంగం విన్నప్పుడల్లా చీమ దగ్గరకు వెళ్ళమన్న సామెతల గ్రంథం మాట మనకు గుర్తొస్తుంది. అదే బైబిలులో ఏలీయా ప్రవక్త బతకడమే చాలనుకుని చెట్టు కింద పడి నిద్రపోయిన సంగతీ ఉంది. అతని దగ్గరకు వచ్చిన దూత మందలించలేదు. లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి తినమన్నాడు. నర్సింగ్ అంటే ఇదే కదా అనిపిస్తుంది నాకు.

కాబట్టి మీ ఇంట్లో ఎప్పుడూ చురుగ్గా ఉండే మనిషి రెండు మూడు వారాలుగా డీలా పడితే దయచేసి ఇవి చూడండి. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళలో, నాలుక మీద పాలిపోయిన రంగు ఉంటే హిమోగ్లోబిన్ చూపించండి. మలబద్ధకం, చలి, బరువు పెరగడం, నెలసరిలో తేడాలుంటే థైరాయిడ్ చూపించండి. అతిదాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే షుగర్ చూపించండి. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే కళ్ళె పరీక్ష చేయించండి. నిద్ర పట్టక, దేనిమీదా ఆసక్తి లేక, ఊరికే కన్నీళ్ళు వస్తుంటే అది మనసుకు వచ్చిన జబ్బు కావచ్చు. దానికీ వైద్యం ఉంది. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు కాఫీ, టీ కనీసం అరగంట తర్వాతే తాగండి. ఐరన్ మాత్ర కూడా ఉంటే రెండింటికీ మధ్య నాలుగు గంటలు తేడా ఉంచండి. ఐరన్ మాత్రతో కొందరికి మలబద్ధకం వస్తుంది. అలా వచ్చిందని మానేయకండి, వచ్చి మాకు చెప్పండి.

ఆ కోడలు మూడు నెలల తర్వాత పరీక్షకు వచ్చింది. ఈసారి అత్తగారే చీటీ పట్టుకుని ముందు నడిచారు. "దీనికి బద్ధకం లేదండీ సిస్టరుగారూ, పాపం ఒంట్లో బాగోక" అన్నారు. ఆ మాట మూడు నెలల ముందు వినుంటే ఆ పిల్ల ఎన్ని కన్నీళ్ళు మింగేది తప్పేదో! మీ ఇంట్లో ఎవరికైనా ఆ మాట ఈ రోజే చెప్పాల్సి ఉందేమో, ఒక్కసారి చూసుకోండి.