కచేరీ లేని రోజు

మంగళంపల్లి బాలమురళీకృష్ణ అనగానే మనకు బిరుదులే గుర్తొస్తాయి. ఆయన పుట్టింది 1930లో, కోనసీమలోని శంకరగుప్తంలో. వీణ వాయించే తల్లి సూర్యకాంతమ్మ ఆయన పసితనంలోనే పోతే తండ్రి పట్టాభిరామయ్య పెంచారు. గాత్రంతో ఊరుకోలేదాయన, వయోలా పట్టారు, మృదంగం, కంజిరా వాయించారు. 1967లో ‘భక్త ప్రహ్లాద’లో నారదుడి వేషం కట్టి తన పాటలు తానే పాడుకున్నారు. సినిమాకెళ్తే శాస్త్రీయం చెడుతుందని గొణిగేవాళ్లు మన అరుగుల మీద ఇంకా ఉన్నారు లెండి! కన్నడ ‘హంసగీతె’లో పాటకు ఆయనకు జాతీయ అవార్డు కూడా వచ్చింది.

బిరుదుల వెనక ఇలాంటి ఇంటి సంగతులూ ఉంటాయి కదా, అందుకే ఈ సంచికలో కచేరీలకంటే ఇంటి కబుర్లకే ఎక్కువ పేజీలిచ్చాం. మూఢంలో పెళ్లిళ్లు ఆగితే సన్నాయి మేళగాళ్ల ఇల్లు ఎలా గడుస్తుందో ముందుగా చదవండి. అరువు పద్దులతో సహా చెప్పారు వాళ్లు.