అట్ట పడని వ్యాసాలు

థామస్ గ్రిఫిత్స్ వెయిన్‌రైట్ పేరెత్తితే చాలు, విషం సీసా ముందుకొస్తుంది. 1820 నుంచి 1823 దాకా ‘లండన్ మ్యాగజీన్’లో అతను రాసిన కళావ్యాసాల ఊసు ఎవరికీ పట్టదు. ఈ పాపంలో పెద్ద వాటా ఆస్కార్ వైల్డ్‌ది. 1889లో తన వ్యాసం శీర్షికలోనే కలాన్నీ, పెన్సిల్నీ, విషాన్నీ వరసగా నిలబెట్టాడు. లోకం మూడోదాన్ని పట్టుకుని మొదటి రెండింటినీ వదిలేసింది. కోర్టు తేల్చిందేమిటి? 1837లో శిక్ష పడింది ఫోర్జరీకి. వడ్డీ మాత్రమే తినాల్సిన తన సొమ్ములో అసలుకే చెయ్యి పెట్టి, ధర్మకర్తల సంతకాలు దొంగగా చేశాడు. బీమా చేయించిన మరదలు 1830లో పోయిన తీరు మీద అనుమానం బలంగానే ఉంది కానీ, హత్య కేసు నడవలేదు. అతన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ముందు రాసింది చదవమంటున్నాను, అంతే.

అతని కలంపేర్లలో ఒకటి జేనస్ వెదర్‌కాక్. జేనస్ రెండు ముఖాల రోమన్ దేవుడు. వెదర్‌కాక్ గాలి ఎటు వీస్తే అటు తిరిగే లోహపు కోడి. తనను తాను ఇంతకన్నా వెక్కిరించుకున్న విమర్శకుడు అరుదు. విలియం బ్లేక్‌ను పిచ్చివాడని జనం పక్కన పెట్టిన రోజుల్లో, 1820 సెప్టెంబరు సంచికలో, బ్లేక్ ‘జెరూసలెం’ మీద ఒక కల్పిత డాక్టరుగారి వ్యాసం ఫిరంగిలా పేలబోతోందని చాటింపు వేశాడు. ఎకసెక్కెమే కావచ్చు, ఆ కావ్యం పేరు అప్పట్లో అచ్చులో ఎత్తిందెందరు? మారుపేర్లతో ఆడినవాడు మారు సంతకాలకు దిగడంలో వింతేముంది, మొదటి ఫోర్జరీ 1822లోనే కదా అంటారు. వినసొంపుగానే ఉంది. కానీ అదే పత్రికలో చార్లెస్ లాంబ్ వాడుకున్న ‘ఎలియా’, ఒకప్పుడు సౌత్ సీ హౌస్‌లో పనిచేసిన నిజమైన గుమాస్తా పేరు. లాంబ్‌ను ఎవరూ అనుమానించలేదే!

అసలు తేడా బైండింగులో ఉంది. ఎలియా వ్యాసాలు 1823లో పుస్తకమయ్యాయి. డి క్విన్సీ నల్లమందు కథనం 1821లో అదే పత్రికలో వచ్చి మరుసటి ఏడే పుస్తకమైంది. వెయిన్‌రైట్ 1847లో హోబర్ట్‌లో ద్వీపాంతర ఖైదీగా చనిపోయిన 33 ఏళ్లకు, 1880లో గానీ అతని వ్యాసాలకు అట్ట పడలేదు. అప్పటికే డికెన్స్ అతని నేరాన్ని కథకు ముడిసరుకు చేసుకున్నాడు. మనం నవ్వుకోనక్కర్లేదు. పానుగంటి ‘సాక్షి’ సంపుటాలుగా కట్టారు కాబట్టి దక్కింది. మన సాహిత్య చరిత్రలు మాత్రం పుస్తకాల బీరువా దగ్గరే ఆగిపోతాయి. పక్కనున్న పాత పత్రికల గుట్టను శ్రద్ధగా చదువుతున్నవి చెదపురుగులే.