గురువూ అన్వేషకుడే

పిల్లలకు ప్రశ్నలు కొత్త కావు. మాటలు నేర్చిన నాటి నుండి వారు అడిగేవి ప్రశ్నలే. ఒక్కొక్క తరగతీ ఎక్కే కొద్దీ ఆ ప్రశ్నలు తగ్గిపోవడమే ఆశ్చర్యకరం. పదవ తరగతికి చేరేసరికి ప్రశ్న వేసేది పరీక్షపత్రం, జవాబు రాయవలసింది విద్యార్థి అన్న ఏర్పాటు స్థిరపడిపోతుంది. విద్యార్థుల చేత నూతన ఆవిష్కరణలు చేయించాలని ప్రభుత్వాలు సంకల్పిస్తున్న ఈ కాలంలో మొదట ఆలోచించవలసిన విషయం ఇదే. మన బడులకు పరికరాల కొరత ఉన్నమాట నిజమే కాని, ప్రశ్నను ఆదరించే వాతావరణం కొరత అంతకన్నా పెద్దది. ఆ వాతావరణాన్ని కల్పించగలవాడు ఉపాధ్యాయుడు. అందుకు ఆయనను సిద్ధం చేసే శిక్షణ లేనిదే ఎన్ని పథకాలు వచ్చినా ఫలితం అంతంతమాత్రమే.

పథకాలకు లోటు లేదు. ఇన్‌స్పైర్-మానక్ పథకం కింద ఎంపికైన ఒక్కొక్క ఆలోచనకు 10,000 రూపాయల ప్రోత్సాహకం లభిస్తుంది. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ దేశవ్యాప్తంగా దాదాపు 10,000 పాఠశాలల్లో టింకరింగ్ ల్యాబులను నెలకొల్పింది. ఒక్కొక్క ప్రయోగశాలకు ఇచ్చే సాయం 20 లక్షల రూపాయల వరకు ఉంటుంది. తెలంగాణలో 2020లో రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్, పాఠశాల విద్యాశాఖ, యునిసెఫ్, ఇంక్వి-ల్యాబ్ ఫౌండేషన్ కలిసి స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్‌ను ప్రారంభించాయి. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, వారి ద్వారా విద్యార్థి బృందాలను నడిపించడం దీని పద్ధతి. మంచి పద్ధతే. అయితే ఆ శిక్షణ ఎటువంటిదన్న దానిపైనే తక్కినదంతా ఆధారపడి ఉంటుంది.

2016 అక్టోబరులో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలను చూడండి. పాలమూరు అనగానే కరవు, వలస గుర్తుకు వచ్చే కాలం చాలా ఉండేది. కాని పరిశీలించే కన్ను ఉంటే ఈ నేల ఒక పెద్ద ప్రయోగశాల. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో నూలు చీరకు పట్టు అంచును మగ్గం మీదనే కలిపే నేతగాళ్లు ఉన్నారు. వనపర్తి ప్రాంతం వేరుసెనగకు పేరు పొందింది. నల్లమలలో ఎత్తైన కొండచరియల నుండి తేనె తీసే చెంచులు ఉన్నారు. మరోవైపు పత్తి విత్తనోత్పత్తి చేలల్లో ఒక్కొక్క పువ్వునూ విప్పి, పుప్పొడిని చేతితో అద్దే పని ఉన్నది. ఆ పనికి పిల్లలను, విశేషించి ఆడపిల్లలను, బడి మాన్పించి తీసుకుపోవడం ఈ ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పట్టి పీడించిన దురాచారం. ఇటువంటి శ్రమల నడుమ పెరిగే పిల్లలకు నడుము నొప్పి ఎక్కడ పుడుతుందో, నీరు ఎక్కడ వృథా అవుతుందో పుస్తకం చెప్పనక్కరలేదు. సమస్య వారికి ముందే తెలుసు. ఆ తెలివిడిని చదువుగా గుర్తించడమే బడి చేయవలసిన పని.

అలా గుర్తిస్తే ఏమవుతుందో గద్వాల జిల్లాలోని చింతలకుంట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల చూపింది. మొక్క నాటేటప్పుడు దాని వేళ్ల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సంచిని చించి పారవేయడం అక్కడి విద్యార్థిని ఒకరిని ఆలోచింపజేసింది. మొక్కతోపాటు మట్టిలో కలిసిపోయే కుండీ ఉంటే ఆ చెత్త మిగలదు కదా అని ఆమె తలచింది. పరిసరాల్లో విరివిగా దొరికే వేరుసెనగ పొట్టుతో అటువంటి కుండీని తయారు చేసింది. 2020 ప్రాంతంలో ఈ ప్రయత్నం వెలుగులోకి వచ్చాక, హైదరాబాదులోని టీ-వర్క్స్ సంస్థ ఆ కుండీలను రూపొందించే యంత్రాన్ని తయారు చేయడంలో తోడ్పడింది. ఇందులో నన్ను ఆకర్షించిన విషయం మరొకటి ఉన్నది. ఆమెకు మార్గదర్శి అయినవారు వృక్షశాస్త్రజ్ఞులు కారు. గణితం బోధించే ఉపాధ్యాయులు. ఆవిష్కరణకు దారి చూపేవాడు జవాబు ముందుగా తెలిసినవాడై ఉండనక్కరలేదు. జవాబును వెదికే తీరు తెలిసినవాడైతే చాలు.

శిక్షణ సారమంతా ఇక్కడే ఉన్నది. అయినా మన శిక్షణ తరగతులు చాలావరకు ఉపన్యాసాలుగానే సాగుతున్నాయి. ప్రశ్నించడం ఎంత అవసరమో వక్త గంటసేపు చెబుతారు. ప్రశ్న అడిగే వ్యవధి మాత్రం శ్రోతలకు దొరకదు. వినడం వల్ల ఈత రానట్లే, వినడం వల్ల అన్వేషణా రాదు. ఉపాధ్యాయుడు ముందుగా తానే ఒక ఊరి సమస్యను ఎన్నుకోవాలి. దానితో బాధపడే వారితో మాట్లాడాలి. అట్టముక్కలతో, తీగలతో, విరిగిన సైకిలు భాగాలతో ఒక నమూనా చేయాలి. అది పనిచేయకపోతే ఎందుకు పనిచేయలేదో కనిపెట్టి తిరిగి చేయాలి. ఆ తికమకను, ఆ చిన్న గెలుపును స్వయంగా అనుభవించిన గురువు రేపు విద్యార్థి నమూనా కూలిపోయినప్పుడు కోప్పడడు.

ఈ మాటకు మన దేశంలోనే దృష్టాంతం ఉన్నది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 గ్రామీణ పాఠశాలలతో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలైంది. పిల్లలు చేయవలసిన ప్రయోగాలను అక్కడి ఉపాధ్యాయులు శిక్షణలో ముందుగా తామే చేసేవారు. బడులు తెరిచాక నెలనెలా కలుసుకుని, తరగతిలో ఎదురైన చిక్కులను చర్చించుకునేవారు. 2002లో ప్రభుత్వం దానిని నిలిపివేసే నాటికి ఆ కార్యక్రమం దాదాపు వేయి పాఠశాలలకు విస్తరించింది. మన జిల్లాల్లోనూ పాఠశాల సముదాయ సమావేశాలు ఉన్నాయి. జాతీయ విద్యావిధానం–2020 ప్రతి ఉపాధ్యాయునికీ ఏటా కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణను సూచించింది. అందులో కొంత భాగాన్ని చేతిపనికి కేటాయించడం కష్టం కాదు. వనపర్తిలో సంస్థానాధీశుల రాజభవనంలో నడుస్తున్న పాలిటెక్నిక్ కళాశాల, గద్వాల మగ్గాల ఇళ్లు, ఊరి కమ్మరి కొలిమి – ఇవన్నీ శిక్షణ కేంద్రాలు కాగలవు.

పాఠ్యప్రణాళికే పూర్తి కావడం లేదు, ఇక ప్రయోగాలకు వ్యవధి ఎక్కడిదని ఉపాధ్యాయులు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. వారానికి ఒక పీరియడునైనా ఈ పనికి కేటాయించకుండా బహుమతులను మాత్రం ఆశించడం వారికి అన్యాయం చేయడమే. బహుమతుల మీది మోజు వల్లనే బజారులో కొన్న నమూనాలు, పెద్దలు చేసిపెట్టిన యంత్రాలు ప్రదర్శనలకు చేరుతున్నాయి. గెలిచిన బడులను లెక్కించే కన్నా, ప్రయత్నించిన పిల్లలను లెక్కించడం మేలు.

ప్రతిభ ఉన్నవాడు ఎవరి సాయం లేకున్నా పైకి వస్తాడని కొందరంటారు. చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఆరవ తరగతితో చదువు ఆపవలసి వచ్చినా, ఆసు పోసే తల్లి భుజాల నొప్పిని చూడలేక, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రాన్ని సాధించారు. 2017లో పద్మశ్రీ పొందారు. ఆయన పట్టుదల వందనీయం. కాని అటువంటి పట్టుదలతో బయలుదేరి, చేయూత లేక నడిదారిలో ఆగిపోయిన వారెందరో మనకు తెలియదు. వారికోసమే బడి ఉన్నది. బడిలో గురువు ఉన్నాడు.

తెలంగాణలో కవులు లేరన్న మాట వినవచ్చినప్పుడు గద్వాల సీమలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి వాదానికి దిగి ఊరుకోలేదు. వెదికి వెదికి 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. పల్లె పిల్లల్లో ఆవిష్కర్తలు ఉన్నారా అని సందేహించేవారికి కూడా అదే సమాధానం. లేరని తీర్మానించే ముందు వెదకాలి. వెదికే చూపును గురువులకు అందించే శిక్షణ నేటి అవసరం. అది లభించిన నాడు విత్తన చేలవైపు సాగిన చిన్నారుల అడుగులు బడివైపు మళ్లుతాయి. ఆ చేలలోని కష్టానికి విరుగుడు కూడా ఆ చేతులే కనిపెడతాయి.