కదలనిదానికి తీగ, కదిలేదానికి గాలి



ముప్ఫై ఆరేళ్ళు బడిపిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. పద్యంలో ఒక్క అక్షరం జారినా చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టు కావడం మా వృత్తివారికి పట్టుకొనే జబ్బు. ఆ జబ్బే నన్ను ఈ వయసులో కంప్యూటరు వెనుకనున్న తీగల దగ్గరికి చేర్చింది. సాహిత్యం రాసుకొనే చోట ఈ గొడవేమిటని విసుక్కోకండి. విషయం మొదలైనదీ పద్యం దగ్గరే, ముగిసేదీ పద్యం దగ్గరే.

నా మనుమరాలు అమెరికాలో, డాలస్‌లో ఉంటుంది. పదేళ్ళ పిల్ల. ప్రతి ఆదివారం ఉదయం ఏడున్నరకు, అంటే వాళ్ళకు శనివారం రాత్రి, వీడియోలో నా దగ్గర పద్యాలు నేర్చుకొంటుంది. తెలుగు చదవడం ఇంకా తడబాటే కనుక పాఠమంతా నోటితోనే. నేను చెప్పాలి, తాను అనాలి. ఒకనాడు ఒక ఉత్పలమాల అప్పజెప్పమన్నాను. గడగడా చదివింది. మూడవ పాదంలో 19 అక్షరాలే వినబడ్డాయి. మళ్ళీ చదివించాను. మళ్ళీ 19. ఉత్పలమాలకు పాదానికి 20 ఉండాలి. ఇంకొకటి ఏమైందమ్మా అంటే, "నువ్వు అలాగే చెప్పావు కదా తాతయ్యా!" అంది.

నేను అలా చెప్పలేదు. కాని ఆమె అలాగే విన్నది. అక్షరం దారిలో ఎక్కడో పడిపోయింది. పిల్ల ఆ గండిని కూడా పద్యమనే నమ్మి కంఠస్థం చేసింది. నాకు బాధ కలిగించినది ఇదే. చూచి చదువుకొనేవానికి అచ్చుతప్పు అని అనుమానం రావచ్చు. విని నేర్చుకొనేవానికి చెవిన పడినదే ప్రమాణం.

దోషం సముద్రాల అవతల ఉన్నదనుకొన్నాను. ఒక ఆదివారం ల్యాప్‌టాప్‌ను హాలులోకి, రౌటరు పక్కకు తెచ్చి కూర్చుంటే మాట స్ఫటికంలా వెళ్ళింది. వెనుకనున్న నా పుస్తకాల గదికి వెళ్ళగానే మళ్ళీ తెగింది. అనకాపల్లి నుండి డాలస్ దాకా పోగలిగిన మాటకు మా ఇంటి రెండు పాతకాలపు గోడలూ, మధ్యనున్న ఇనుప బీరువాయే అడ్డమయ్యాయన్నమాట!

ఇక తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, తెలుసుకొన్నకొద్దీ సంగతులు బయటపడ్డాయి. వైఫై పద్ధతి తరగతి గది పద్ధతి. గాలి ఒక్కటే. ఒకరు మాట్లాడుతున్నప్పుడు తక్కినవారు ఊరుకోవాలి. నోరు తెరిచే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో ఆలకించాలి. ఇద్దరూ ఒక్కసారే అందుకొంటే ఇద్దరి మాటా పాడవుతుంది, కాసేపు ఆగి మళ్ళీ చెప్పుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకొనే వీలు మన దేశంలో 2005లో కలిగింది. మంచిదే. కాని ఆ పట్టీలో ఒకదానితో ఒకటి రాసుకోకుండా ఇమిడేవి 1, 6, 11 అనే మూడు దారులే. మా వీధిలో ఎన్ని ఇళ్ళో అన్ని రౌటర్లు. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ చుట్టుపక్కలే ఘోషిస్తుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీ విశాలమైనది, కాని గోడ అడ్డమొస్తే త్వరగా నీరసిస్తుంది.

ఫైలు పంపేటప్పుడు దారిలో ముక్క పోతే యంత్రాలు అడిగి మళ్ళీ తెప్పించుకొంటాయి. కాస్త ఆలస్యం తప్ప నష్టం లేదు. ఎదురెదురుగా సాగే సంభాషణలో ఆ వెసులుబాటు తక్కువ. పోయిన అక్షరం తిరిగి వచ్చేలోగా పద్యం తరువాతి పాదంలో ఉంటుంది. కనుక యంత్రం ఆ లోపాన్ని ఎలాగో పూడ్చి ముందుకు సాగిపోతుంది. నా ఇరవయ్యో అక్షరం అలా పోయిందే.

తీగ మాట వేరు. దాని లోపల రెండేసి చొప్పున పురిపెట్టిన నాలుగు జతలు, అనగా ఎనిమిది రాగి తీగలు ఉంటాయి. ఆ దారి మీ కంప్యూటరుదే. పక్కింటివారితో పంపకం లేదు. చెప్పడమూ వినడమూ ఒకేసారి జరుగుతాయి. 100 మీటర్ల వరకు ఢోకా లేదు. నాకు కావలసినది 15 మీటర్లు.

తీగ వేయమని మా వీధి ఎలక్ట్రీషియన్ కుర్రవాణ్ణి పిలిస్తే, "ఇప్పుడింకా వైరెందుకండీ మేస్టారూ? అంతా వైఫైయే కదండీ!" అని నవ్వాడు. ఆ నవ్వు మీదనే నా అభ్యంతరం. తీగ అంటే పాతది, గాలి అంటే కొత్తది అనుకొంటున్నాము. మనం తంతి అని పిలుచుకొన్న టెలిగ్రాము సేవ 2013 జూలైలో ముగియడంతో ఆ భావం మరీ బలపడిందేమో. కాని కంప్యూటర్ల కథలో వరుస అలా లేదు. హవాయి దీవుల మధ్య రేడియో తరంగాల మీద కంప్యూటర్లను కలిపిన అలోహానెట్ 1971లో పని మొదలుపెట్టింది. దాని నుండి స్ఫూర్తి పొంది రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో తీగ మీద నడిచే ఈథర్నెట్‌ను ఊహించాడు. వైఫైకి ఆధారమైన మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. ఆకాశమంతటా వ్యాపించి ఉన్నదని ఒకప్పుడు శాస్త్రజ్ఞులు నమ్మిన ఈథర్ పేరు చివరికి తీగకు దక్కింది! శబ్దం ఆకాశగుణమని చెప్పిన మన తార్కికులు వింటే ముచ్చటపడేవారు.

అలాగని వైఫై తీసేయమనడం లేదు. ఫోనుకు తీగ కట్టుకొని తిరగలేము కదా. వంటింట్లో నా భార్య, పెరట్లో నేను, సెలవులకు వచ్చిన పిల్లలు, అందరికీ గాలి దారే. పైగా ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు రాగి తీగ పిడుగుపాటు విద్యుత్తును ఒక పరికరం నుండి ఇంకొకదానికి మోసుకుపోగలదు. ఆ వేళ తీగనూ కరెంటు ప్లగ్గునూ ఊడదీయడమే వివేకం. కనుక నా సూత్రం ఇది: కదలనిదానికి తీగ, కదిలేదానికి గాలి. బల్ల మీది కంప్యూటరు, టీవీ వంటివి తీగకు మారితే, ఫోనులకు గాలిలో రద్దీ కూడా తగ్గుతుంది.

మరి ఒకే కంప్యూటరుకు రెండూ ఉండవచ్చునా? రెండు పడవల మీద కాళ్ళు వద్దన్నారు పెద్దలు. కంప్యూటరుకు ఆ భయం లేదు. రెండూ ఉంటే అది ఒక్కొక్క దారికి ఒక అంకె వేసుకొని, చిన్న అంకె ఉన్నదానిలో వెళుతుంది. ఆ చిన్న అంకె సాధారణంగా తీగది. తీగ ఊడితే తానే వైఫైకి మళ్ళుతుంది. నడుస్తున్న సంభాషణ మాత్రం క్షణకాలం తడబడవచ్చు. రెండూ కలిస్తే వేగం రెండింతలవుతుందని కొందరి ఆశ. కాదు. రెండు దారులూ అదే రౌటరుకు చేరి, అదే గుమ్మం గుండా బయటకు పోతాయి.

అత్యుత్సాహంతో నేను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. మిగిలిన తీగ ముక్క వేలాడుతున్నదని దాని రెండు కొసలనూ రౌటరు వెనుక రెండు రంధ్రాలలో గుచ్చాను. ఇల్లంతా నెట్టు స్తంభించింది. బయలుదేరిన కబురు గానుగెద్దులా అక్కడక్కడే తిరిగి తిరిగి మిగతావాటికి దారి లేకుండా చేసింది. గానుగ తిరిగితే చెరకురసమైనా వస్తుంది, దీనిలో అదీ లేదు.

రెండింటి కలయికకు అసలు ప్రయోజనం ఎక్కడో ఒక చెరకు లారీ నేర్పింది. మా వీధిలో స్తంభాల మీదుగా కిందికి జారిన ఫైబరు పోచను లోడు తెంపుకుపోయింది. మన రాష్ట్రంలో ఇలా స్తంభాల మీద నడిచేవి చాలానే ఉన్నాయి. 2017 డిసెంబరు 27న ప్రారంభమై, నెలకు 149 రూపాయల పథకంతో సామాన్యుని ఇంటికి వచ్చిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాలనే ఆసరా చేసుకొన్నది. చవకగా త్వరగా ఊళ్ళు చేరడానికి అది మంచి ఉపాయమే, కాని గాలికీ లారీకీ లోకువ. ఆ రోజు మా ఇంటి తీగ, వైఫై రెండూ ఒక్కసారే పనికిరాకుండా పోయాయి. ఫోనులోని హాట్‌స్పాట్ పెట్టి, ల్యాప్‌టాప్ వైఫైని దానికి కలిపాను. పాఠం సాగింది. కాబట్టి తీగ ఇంటి కనెక్షనుకూ, గాలి వేరే కంపెనీ ఫోనుకూ ఉంటేనే నిజంగా రెండు దారులు. ఒక్కొక్కప్పుడు కంప్యూటరు చచ్చిన తీగనే పట్టుకొని వేలాడుతుంది, అప్పుడు మనమే ఊడదీయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు తీగలూ తెగాయి, సెల్ టవర్లూ మూగపోయాయి. రెండు దారులున్నా అహంకారం పనికిరాదని ఆ తుపాను చెప్పింది.

చివరగా ఒక మనవి. మా ఊళ్ళోనూ కొత్త ఇళ్ళు, అపార్టుమెంట్లు లేస్తున్నాయి. కరెంటుకు గోడలో గొట్టం పెట్టేవాళ్ళు నెట్టుకు పెట్టరు. అడిగితే మా కుర్రవానిలాగే నవ్వుతారు. గోడ పూత కాకముందు అది చిన్న ఖర్చు, అయ్యాక గోడ పగలగొట్టాలి. ఇల్లు కట్టుకొంటున్నవారు గదికొక గొట్టం వేయించుకోండి. ఆ గదిలో రేపు ఎవరు కూర్చుని చదువుతారో, ఎవరు పాఠం చెబుతారో మనకేం తెలుసు?

తీగ వేయించి మూడు నెలలయింది. మనుమరాలి చేత ఆ పద్యం మళ్ళీ మొదటి నుండి చెప్పిస్తున్నాను. మొదటిసారి తప్పుగా నాటుకొన్నది అంత సులువుగా పోదు. మూడవ పాదం దగ్గరికి రాగానే పిల్ల ఒక్క క్షణం ఆగి, వేళ్ళు లెక్కపెట్టుకొని, ఆ జారిపోయిన అక్షరాన్ని కాస్త గట్టిగా పలుకుతుంది.

స్వస్తి.