ఉస్మానియా ఉపకులపతి గారికి: తర్జుమా శాఖ మళ్ళీ తెరవండి

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

ఆర్ట్స్ కాలేజీలో ఒక అనువాద శాఖ తెరవమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అక్కడ చరిత్రలో ఎం.ఏ. చదివాను. ఇప్పుడు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలే చెబుతున్నాను.

ఈ కోరిక మీ విశ్వవిద్యాలయానికి కొత్తది కాదు. 1918లో ఉస్మానియా మొదలయ్యేనాటికే, అంతకు ముందు ఏడే, దార్-ఉల్-తర్జుమా అనే అనువాద శాఖ పని ప్రారంభించింది. ముందు పుస్తకాలు, తర్వాత తరగతులు అనుకున్నారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి అధిపతి. జోష్ మలీహాబాదీ అంతటి కవి అక్కడ కూర్చుని అనువాదాలు చేశాడు. చరిత్ర, తత్వశాస్త్రం, అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం, చివరికి వైద్యం కూడా ఉర్దూలోకి వచ్చాయి. పరిభాష తేల్చడానికి ఆ శాస్త్రం తెలిసినవాళ్ళూ భాష తెలిసినవాళ్ళూ ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు. ఇంగ్లీషు తప్ప మరో భాషలో ఉన్నత విద్య సాగదని దేశమంతా అనుకునే రోజుల్లో హైదరాబాదు ఆ పని చేసి చూపించింది.

అందులోని అన్యాయాన్ని కూడా చెప్పుకోవాలి. హైదరాబాదు సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడేవి తెలుగు, మరాఠీ, కన్నడం. విశ్వవిద్యాలయం మాట్లాడింది ఏలికల భాష ఉర్దూ. అన్యాయం భాషతో ఆగలేదు. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరిస్తే చాలామంది నాగపూర్ వెళ్ళి చదువు పూర్తి చేసుకోవలసి వచ్చింది. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత ఉర్దూ బోధన పోయింది, తర్జుమా శాఖా పోయింది. దాని జాగాలోకి ఇంగ్లీషు వచ్చింది. జనం భాషకు అప్పుడూ చోటు దొరకలేదు. సొంత భాషలో చదువు అనే ఆలోచనను ఉంచుకుని, భాషను మాత్రం జనానిది చేసి ఉంటే బాగుండేది. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

నా దగ్గర డిగ్రీ చదివి మీ దగ్గర సోషియాలజీలో చేరిన ఒక అబ్బాయి పోయిన సెలవుల్లో వచ్చాడు. నల్లమల వైపు పిల్లవాడు, తెలుగు మీడియం. చేతిలో జిరాక్స్ కట్ట. సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ మీద ఇంగ్లీషులో ఉన్న ఒక అధ్యాయం అది. ప్రతి వరుస పైనా పెన్సిల్‌తో సన్నటి తెలుగు అక్షరాలు. మొదటి పేజీలో దాదాపు ప్రతి మాటకూ అర్థం రాసుకున్నాడు. మూడో పేజీకి అక్షరాలు పలచబడ్డాయి. ఆరో పేజీ తెల్లగా ఉంది. "సార్, ఇంక గైడ్ చూసుకున్న" అన్నాడు. పరీక్ష తెలుగులోనే రాస్తాడు, మంచి మార్కులే వస్తాయి. కానీ వెబర్ చెప్పినదేమిటో అతనికి అందలేదు. తన ఊళ్ళో కులం ఎలా పనిచేస్తుందో నాకు గంటసేపు విడమరచి చెప్పగల కుర్రాడు అతను. తెలివికేం లోటు లేదు, పుస్తకానికే లోటు.

తెలుగు అకాడమీ ఉంది కదా అంటారు. 1968లో పుట్టిన ఆ సంస్థ ఇంటర్‌కు, డిగ్రీకి చేసిన మేలు చిన్నది కాదు, నేను దాని పుస్తకాలతోనే పాఠం చెబుతాను. కానీ ఎం.ఏ. విద్యార్థికీ పరిశోధకుడికీ కావలసింది పాఠ్యపుస్తకం కాదు, మూల గ్రంథం. ఫోనే అనువాదం చేసి పెడుతోంది కదా అని కూడా అంటున్నారు. ఫోను వాక్యాన్ని మారుస్తుంది గానీ ఒకే భావనకు ఈ పేజీలో ఒక మాట, ఆ పేజీలో ఇంకో మాట వేస్తుంది. ఏ మాట వాడాలో తేల్చవలసింది ఆ శాస్త్రం తెలిసిన అధ్యాపకులే.

అలాంటివాళ్ళు మీ కాలేజీకి కొత్త కాదు. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాలను పరిశోధన స్థాయికి తెచ్చింది అక్కడే. రైతుల నోటి మాటలను ఏరి మాండలిక వృత్తి పదకోశం కూర్చిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు భాషాశాస్త్ర శాఖను నడిపిందీ అక్కడే. సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు ఆచార్యులయ్యారు.

అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి శాఖా తన విద్యార్థికి తప్పనిసరి అనుకున్న ఒక గ్రంథాన్ని ఎంచి, ఏడాదికి ఒకటి చొప్పున తెలుగులోకి తేవాలి. ఉర్దూలో చదివే పిల్లలకు ఉర్దూలోకీ తేవాలి. మంచి అనువాదం చేసిన అధ్యాపకుడికి పదోన్నతిలో పరిశోధన పత్రంతో సమానంగా లెక్క ఇవ్వాలి, లేకపోతే ఎవరూ ముట్టుకోరు. ప్రతి పీహెచ్‌డీ గ్రంథంతో పాటు ఇరవై పేజీల తెలుగు సారాంశం అడగండి. ఊళ్ళ మీద రాసిన పరిశోధన ఆ ఊళ్ళకు చేరనే చేరదు. వీటన్నిటికీ ముందు, పదవీ విరమణ చేసిన ఆచార్యుల స్థానాల్లో శాశ్వత నియామకాలు జరగాలి. ఏటేటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే కాంట్రాక్టు అధ్యాపకుడు మూడేళ్ళ అనువాదం ఎలా తలకెత్తుకుంటాడు? ప్రభుత్వాన్ని ఆ సంగతి గట్టిగా అడగండి.

చరిత్ర శాఖ మొదలుపెడితే చిత్తుప్రతులు చదవడానికీ, పరిభాష సరిచూడటానికీ డిగ్రీ కాలేజీల అధ్యాపకులం కొందరం జీతం అడగకుండా వస్తాం. ఆ పని మీద తొలి సమావేశం పెట్టినప్పుడు తేదీ తెలియజేయండి.

ఇట్లు,
ఆర్ట్స్ కాలేజీ పూర్వ విద్యార్థి