కస్టోడియన్ సంతకం పెట్టే ముందు ఈ లెక్క చూడండి

నెల క్రితం హైదరాబాద్ నుంచి మా అక్క ఫోన్ చేసింది. వాళ్లబ్బాయికి పదో తరగతి అయిపోయింది. ఇంటర్‌లో చేర్చకుండా టొరంటోలోని ఒక ప్రైవేట్ ఇంటర్నేషనల్ స్కూల్లో 11, 12 చదివిద్దామని బావగారి ఆలోచన. "ఒంటారియో డిప్లొమా ఉంటే వాటర్‌లూ, టొరంటో యూనివర్సిటీల్లో సీటు సులువట. నువ్వు అక్కడే ఉన్నావుగా, కస్టోడియన్ ఫారం మీద సంతకం పెట్టు చాలు" అంది. కాసేపాగి అసలు సంగతి చెప్పింది. "వీడు ఇంటర్ ఒత్తిడి తట్టుకోలేడే."

ఆ భయాన్ని నేను తీసిపారేయను. 2019 తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం మనమెవరం మర్చిపోలేదు. కానీ సంతకం అడిగింది నన్ను కాబట్టి వివరాలన్నీ కూర్చుని చూశాను. బీఎస్సీ చదివినా ఇక్కడికొచ్చాక ఇల్లూ పిల్లలే నా లోకం. మా పెద్దమ్మాయి గ్రేడ్ 11లో ఉంది కనుక ఈ చదువుల గొడవ మా ఇంట్లో రోజూ ఉండేదే.

ముందు డిప్లొమా సంగతి. ఒంటారియో సెకండరీ స్కూల్ డిప్లొమాకు 30 క్రెడిట్లు, లిటరసీ పరీక్ష, 40 గంటల సమాజ సేవ కావాలి. ఇండియాలో చదివినదానికి కొన్ని క్రెడిట్లు ప్రిన్సిపాల్ లెక్కగట్టి ఇస్తారు. యూనివర్సిటీలు ముఖ్యంగా చూసేది గ్రేడ్ 12లోని ఆరు కోర్సుల మార్కులు. ఇంజనీరింగ్ అయితే ఇంగ్లిష్, అడ్వాన్స్‌డ్ ఫంక్షన్స్, కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్పనిసరి. చదువు మంచిదే, సందేహం లేదు.

చిక్కు మార్కుల దగ్గర వస్తుంది. మన ఇంటర్‌లో పేపర్ దిద్దేది బోర్డు. ఆల్బర్టాలో కూడా గ్రేడ్ 12 ముఖ్య సబ్జెక్టుల్లో 30 శాతం ప్రభుత్వ పరీక్షదే. ఒంటారియోలో అలాంటి పరీక్ష లేదు. ఏడాది పనికి 70 శాతం, చివరి పరీక్షకు 30 శాతం, రెండూ స్కూలే వేస్తుంది. అంటే ఆ మార్కు విలువ ఆ స్కూలు నిజాయితీ మీద ఆధారపడి ఉంటుంది.

దీన్నే కొందరు వ్యాపారం చేసుకున్నారు. డబ్బు కట్టించుకుని మార్కులిచ్చే స్కూళ్లను ఇక్కడ 'క్రెడిట్ మిల్స్' అంటారు. 2011లో టొరంటో స్టార్ పత్రిక వీటి గురించి పరిశోధించి రాసింది. ప్రైవేట్ స్కూళ్ల మీద నియంత్రణ అతి తక్కువగా ఉన్న ప్రావిన్సుల్లో ఒంటారియో ఒకటని 2013లో ఒంటారియో ఆడిటర్ జనరల్ నివేదిక చెప్పింది. క్రెడిట్లిచ్చే స్కూళ్లను విద్యాశాఖ తనిఖీ చేస్తుంది. కానీ ఆ తనిఖీ గుర్తింపు కాదని, రోజువారీ నిర్వహణ తమ పరిధిలోకి రాదని ఆ శాఖే చెబుతుంది. బ్రోషర్లో 'మినిస్ట్రీ ఇన్‌స్పెక్టెడ్' అని పెద్దక్షరాలు కనిపిస్తే ఈ ముక్క గుర్తుంచుకోండి.

చిన్న లెక్క ఒకటి. ఒక క్రెడిట్ అంటే 110 గంటల చదువు. పది పనిదినాల్లో కోర్సు పూర్తి చేయిస్తామంటే రోజుకు 11 గంటలు చదవాలి. ఏ పిల్లాడు చదువుతాడు?

మా అమ్మాయి గవర్నమెంట్ స్కూల్లో ఒక కోర్సులో 78 తెచ్చుకుంటే, అదే కోర్సు బయట ప్రైవేట్‌లో చేసిన స్నేహితురాలికి 95 వచ్చింది. "నేనే పిచ్చిదాన్నా అమ్మా?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. యూనివర్సిటీలు మాత్రం కళ్లు మూసుకుని కూర్చోలేదు. ఏ కోర్సు ఏ స్కూల్లో చేశారో వాళ్లకు కనిపిస్తుంది. వాటర్‌లూ ఇంజనీరింగ్ విభాగం, ఒక్కో స్కూలు నుంచి వచ్చినవాళ్ల మార్కులు మొదటి ఏడాది ఎంత పడిపోతున్నాయో లెక్క పెట్టి, అడ్మిషన్లలో వాడుతోందని 2018లో గ్లోబల్ న్యూస్ బయటపెట్టింది. సగటు పతనం 16 పాయింట్లు. సీటు వచ్చినా కాలిక్యులస్ రాకపోతే మొదటి సెమిస్టర్లోనే తేలిపోతుంది.

ఇక వీసా. 2024 జనవరిలో ప్రకటించిన స్టడీ పర్మిట్ల పరిమితి స్కూలు పిల్లలకు వర్తించదు. ఏజెంట్లు ఈ మాట వరకే చెబుతారు. 12 అయ్యాక యూనివర్సిటీకి వెళ్లాలంటే కొత్త స్టడీ పర్మిట్ కావాలి, అప్పుడు ప్రావిన్స్ లేఖ కూడా కావాలి. ఒంటారియో డిప్లొమా ఉన్నా ఫీజు ఇంటర్నేషనల్ విద్యార్థి ఫీజే. హైస్కూల్ చదువుతో పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ రాదు. మరోపక్క, హైదరాబాద్‌లోనే సీబీఎస్‌ఈ 12 చదివి నేరుగా ఈ యూనివర్సిటీలకే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆఖరిది కస్టోడియన్ ఫారం. 17 ఏళ్లలోపు పిల్లలు తల్లిదండ్రులు లేకుండా వస్తే ఇది తప్పనిసరి. ఇక్కడ నేను, అక్కడ అక్కాబావలు నోటరీ ముందు సంతకాలు పెట్టాలి. జబ్బు చేసినా, అర్ధరాత్రి ఆపద వచ్చినా బాధ్యత నాదే. ఇది మొహమాటానికి పెట్టే సంతకం కాదు.

అందుకే అక్కతో ఇలా చెప్పాను. వాడొస్తే మా ఇంట్లోనే ఉండాలి, ఫీజు తీసుకుని విదేశీ పిల్లలను చేర్చుకునే పబ్లిక్ బోర్డు స్కూల్లో చదవాలి. అలాగైతే సంతకం పెడతాను. ప్రైవేటే కావాలంటే ముందు ఆ స్కూలును మూడు ప్రశ్నలు అడగండి. కోర్సు ఎన్ని వారాలు? చివరి పరీక్ష ఎక్కడ, ఎవరి ఎదుట రాయిస్తారు? నిరుడు 12 పూర్తి చేసినవాళ్లు ఏ యూనివర్సిటీల్లో చేరారు?

అక్క రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆ ప్రశ్నలు స్కూలుకు పంపానని చెప్పింది. జవాబుగా మళ్లీ అదే బ్రోషర్ వచ్చిందట. ప్రైవేట్ స్కూళ్లన్నీ ఇలాగే ఉంటాయని నేను అనను, బాగా చెప్పేవీ ఉన్నాయి. కానీ జవాబు చెప్పని చోటికి పిల్లాణ్ణి పంపలేం కదా. ఒత్తిడి లేని కాలేజీ ఒకటి హైదరాబాద్‌లోనే వెతుకుతున్నారిప్పుడు. ఫారం ఇంకా నా దగ్గరే ఉంది, ఖాళీగా.