ముసలిదైంది ల్యాప్‌టాపా, డిస్కా?

పిల్లల చదువుకని కొన్న ల్యాప్‌టాప్ ఏడెనిమిదేళ్లకు మొరాయించగానే, పత్తి అమ్మిన డబ్బు పట్టుకుని కొత్తదాని కోసం పట్నం బయలుదేరడం పల్లెల్లో పరిపాటి అయింది. ఇది తొందరపాటు. నీళ్లు రాకపోతే రైతు ముందు ఫుట్‌వాల్వు చూస్తాడు గానీ ఏకంగా మోటారు మార్చడు కదా!

పాతవాటిలో జబ్బు తరచుగా హార్డ్‌డిస్కుదే. సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం మీద వెతికి చదవాలి గనుక ఆలస్యం. తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డి డిస్కు వేయిస్తే, నిమిషాలు పట్టే పని సెకన్లలో అవుతుంది. ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న వంతే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చేయకున్నా అందులో డిస్కు ఎదుట 100 శాతం కదలకుండా ఉంటే అనుమానం దానిమీదే. ఈ పరీక్ష పదో తరగతి పిల్లవాడూ చేయగలడు. 4 జీబీ ర్యామ్‌ను 8 చేయించడమూ మేలే. కొన్నింటిలో అది బోర్డుకే అతికి ఉంటుంది, ముందే అడగాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరానికి ముందువాటిలో చాలావాటికి విండోస్ 11 అర్హత లేదు. అంతమాత్రాన అవి చెత్త కావు. లినక్స్ మింట్ ఉచితమే, కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్లు మాత్రం అందులో నడవవు.

బ్యాటరీ ఉబ్బితే ఛార్జింగు పెట్టరాదు, నొక్కరాదు.

మరమ్మతుకు ఇచ్చేముందు ఫొటోలు, సర్టిఫికెట్లు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవాలి. తీసేసిన పాత డిస్కును దుకాణంలో వదలక అడిగి తెచ్చుకోవాలి. ఆధార్, పాసుపుస్తకం నకళ్లు ఉండేది అందులోనే.